తూకమును బట్టియే శిక్షయా?

నంద్యాల వీధులయందును, ఆళ్లగడ్డ రచ్చబండలయందును గంజాయి మాట వచ్చినప్పుడెల్ల పెద్దలు పలుకు పలుకొక్కటే: పట్టుబడిన వానిని మరల వెలుగు చూడనీయరాదు. ఈ కోపము న్యాయమైనదే. చేతికి అందివచ్చిన కుమారుడు మత్తునకు బానిసయై ఇల్లు గుల్ల చేయుచుండగా కన్నవారి కడుపు మండకుండునా? అయినను కోపము వేరు, దండనీతి వేరు. దండనము ఎవనికి, ఏ కారణమున, ఎంతమాత్రమని విచారించి నిర్ణయించుటకే ధర్మాసనము కలదు. గంజాయి కేసులయందు ఆ ధర్మాసనమునకు మన శాసనము ఎంత స్వాతంత్ర్యమును మిగిల్చినదో పాఠకులు తెలిసికొనదగును. మా అభిప్రాయమును ముందుగనే నివేదించెదము. ఈ కేసులయందు న్యాయాధిపతి నోటికంటె త్రాసు ముల్లు ఎక్కువ మాటలాడుచున్నది. ఇది చక్కబడనంతవరకు శిక్షలు ఎంత పెరిగినను కూలివాడు జైలునకును, షావుకారు మేడకును పోవుచునే యుందురు.

ముందు శాసనము పుట్టుపూర్వోత్తరములను కొంత చెప్పవలసియున్నది. పరప్రభుత్వము వారికి గంజాయి చాలకాలము పాపముగా గాక పన్నుగా కనబడినది. 1893-94 సంవత్సరములలో వారు నియమించిన విచారణ సంఘము గంజాయిని పూర్తిగా నిషేధింపనక్కర లేదనియు, లైసెన్సులతోడను సుంకముతోడను అదుపునందుంచిన చాలుననియు తేల్చెను. 1930 నాటి అపాయకర మాదకద్రవ్యముల చట్టమునందును శిక్షలు స్వల్పములే. ఆ చట్టము రద్దగు నాటికి అత్యధిక శిక్ష మూడేండ్లు, మరల నేరము చేసినచో నాలుగేండ్లు. స్వాతంత్ర్యానంతరము మన రాజ్యాంగము 47వ అధికరణమునందు ఆరోగ్యమునకు హానికరములగు మత్తు పదార్థముల నిషేధమును ప్రభుత్వ ధర్మముగా పేర్కొన్నది. 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడిక గంజాయి వాడుకను మాన్పుటకు 25 ఏండ్ల గడువు ఒసగినది. ఆ గడువు ముగియుచుండగా 1985లో పార్లమెంటు ఎన్.డి.పి.యస్. చట్టమును చేసెను. అది ఆ యేట నవంబరు 14వ తేదీన అమలులోనికి వచ్చెను.

ఆ చట్టము మొదట గంజాయికి విధించిన అత్యధిక శిక్ష అయిదేండ్ల కఠిన కారాగారము, 50,000 రూపాయల జరిమానా. హెరాయిను, నల్లమందు వంటి వానికి మాత్రము పదేండ్లకు తగ్గని శిక్ష. స్వంత వాడుకకై కొద్దిపాటి ఉంచుకొన్నవానికి తప్ప తక్కినవారి విషయమున పరిమాణ భేదము లేదు. అందుచే చిటికెడు వర్తకునికిని, బండెడు వర్తకునికిని ఒకటే శిక్ష పడుచుండెను. ఈ అన్యాయమును దిద్దుటకై 2001లో సవరణ చేసిరి. అది ఆ యేట అక్టోబరు 2వ తేదీనుండి అమలైనది. అప్పటినుండి ప్రతి పదార్థమునకును అల్ప పరిమాణము, వాణిజ్య పరిమాణము అని రెండు గీతలు గీయబడినవి. హెరాయినునకు 5 గ్రాములు, 250 గ్రాములు. నల్లమందునకు 25 గ్రాములు, రెండున్నర కిలోలు. గంజాయికి ఒక కిలో, 20 కిలోలు.

గంజాయి మట్టునకు నేడున్న శిక్షాక్రమ మిట్లున్నది. కిలోకు తక్కువైనచో ఒక యేడాది వరకు ఖైదు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. ఈ యేడాది 2014 సవరణకు పూర్వము ఆరు మాసములుగా నుండెను. కిలోకు పైబడి 20 కిలోల లోపైనచో పదేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఇచట కనీస శిక్ష లేదు. కాని సరకు 20 కిలోలను దాటెనా, పదేండ్లకు తగ్గరాదు. 20 ఏండ్ల వరకు పోవచ్చును. జరిమానా లక్షకు తగ్గరాదు. దయాళువుగా తలపెట్టిన సవరణ గంజాయి విషయమున మునుపటి అత్యధిక శిక్షకు రెండింతలైన దానిని కనీస శిక్షగా చేసినదని పాఠకులు గమనింతురు గాక.

ఈ గీత చేయు పనిని చూడుడు. 19 కిలోల 900 గ్రాములతో పట్టుబడినవానికి న్యాయాధిపతి, వయస్సును, పరిస్థితులను విచారించి, ఒక యేడాది విధింపవచ్చును, ఎనిమిదేండ్లును విధింపవచ్చును. మరి 200 గ్రాములు హెచ్చినదా, ఆయన చేతులు కట్టివేయబడును. పిడికెడు ఆకు ఒక మానవుని యౌవనమును మింగివేయును. అంతటితో పోలేదు. తక్కిన ఖైదీలకు సత్ప్రవర్తనచే లభించు శిక్షా తగ్గింపు ఈ చట్టము క్రింద శిక్షితులైన వారికి, మత్తు వాడుక నేరము క్రిందివారికి తప్ప, 32ఎ సెక్షను ప్రకారము లేదు. అప్పీలు విచారణలో నుండగా శిక్షను నిలుపు అధికారమును కోర్టులకు కూడ ఈ సెక్షను తీసివేసియుండెను. 2000లో సుప్రీం కోర్టు దాదూ కేసునందు ఆ భాగమును మాత్రము కొట్టివేసినది. కావున పదేండ్లన్నచో నిండు పదేండ్లే. పదునెనిమిదేండ్లు నిండిన వానికి, వాడుక వంటి చిన్న నేరములయందు తప్ప, ప్రొబేషను మీద విడుదలయు లేదు.

శిక్ష ఇంతగా తూకముమీద ఆధారపడునప్పుడు ఆ తూకమైనను నిష్కళంకముగా నుండవలదా? చట్టము గంజాయికి చెప్పిన నిర్వచనము స్పష్టము. గంజాయి యనగా మొక్క యొక్క పూతకొనలు, కాయకొనలు. ఆ కొనలతో కూడియుండని ఆకును, గింజను గంజాయిగా లెక్కింపరాదు. కాని రోడ్డు ప్రక్కన పట్టుబడు గోతములో పూత, ఆకు, గింజ, కాడ, తడి అన్నియు కలిసియుండును. గోతమునంతను కాటాపై పెట్టి పంచనామా వ్రాసినచో, వేరుచేసి తూచిన 17 కిలోలగు సరకు 22 కిలోలై కూర్చుండవచ్చును. అప్పుడు ముద్దాయి పదేండ్ల శిక్షను తెచ్చినది నేరమా, కాడయా? నమూనాలను మేజిస్ట్రేటు ఎదుట తీయవలెనని 52ఎ సెక్షను చెప్పుచున్నది. 2016లో మోహన్‌లాల్ కేసునందు సుప్రీం కోర్టు ఈ విధిని గట్టిగా జ్ఞప్తి చేసినది. నంద్యాలలోను ఆళ్లగడ్డలోను వకాల్తాలు పుచ్చుకొను న్యాయవాదులు తమ కక్షిదారుల తరఫున మొదట అడుగవలసిన ప్రశ్న ఇదియే: ఏమి తూచితిరి, ఎవరి యెదుట తూచితిరి?

ఇక పదేండ్లకు పైన ఎంత విధింపవలెనను ప్రశ్న. ఇందుకు 32బి సెక్షను కొన్ని కారణములను చెప్పినది. ఆయుధములు ప్రయోగించుట, ప్రభుత్వోద్యోగమును దుర్వినియోగపరచుట, బాలురను వాడుకొనుట, విద్యాలయముల చెంత నేరము చేయుట, ముఠాలో చేరియుండుట మున్నగునవి శిక్షను పెంచుటకు హేతువులు. ఈ పట్టిక కోర్టుల చేతులను కట్టునది కాదనియు, పట్టుబడిన పరిమాణము మొదలగు ఇతర హేతువులను కూడ చూడవచ్చుననియు 2019లో రఫీక్ ఖురేషీ కేసునందు సుప్రీం కోర్టు నిర్ణయించెను. 2021లో గురుదేవ్ సింగు కేసునందు ఒక కిలో హెరాయినుతో పట్టుబడిన వానికి క్రింది కోర్టు విధించిన 15 ఏండ్ల శిక్షను స్థిరపరచుచు, ముద్దాయి పేదవాడనియు, కేవలము మోతగాడనియు, ఇంటికి ఏకైక సంపాదనపరుడనియు చెప్పుట ఈ చట్టము క్రింద శిక్షను తగ్గించు హేతువు కానేరదనెను. హంతకుడు ఒకరినో యిద్దరినో చంపును, మత్తు వర్తకుడు ఎందరినో చంపుననుట ఆ తీర్పునందలి వాదము.

ఆ వాదమునందలి ఆవేదనను మేము గౌరవింతుము. కాని వర్తకుడు వేరు, మోతగాడు వేరు. ఒక దృష్టాంతమును ఊహింపుడు. తూర్పు మన్యమున బయలుదేరిన లారీ కర్నూలు, నంద్యాల, ఆళ్లగడ్డ, కడప మీదుగా పోవు 40వ జాతీయ రహదారిపై ఆపబడినది. అందు 22 కిలోల గంజాయి బయటపడినది. పెట్టుబడి పెట్టినవాడు ఏ నగరమునందో సుఖముగా నిద్రించుచున్నాడు. బండిలో నున్నది ఇరువదేండ్ల క్లీనరు. వాన లేక సేద్యము చెడి, వేయి రూపాయలకు ఆశపడి లారీ ఎక్కిన కూలివాని కొడుకు. నాకు తెలియదని వాడనుచున్నాడు. చట్టము 35వ సెక్షను ప్రకారము తెలిసియే చేసినాడని కోర్టు మొదట భావింపవలెను. తెలియదని సంశయమునకు తావులేకుండ రుజువుచేయు భారము వానిదే. రుజువు చేయలేకపోయెనా, పదేండ్లు. పెట్టుబడిదారుడు దొరికినను వానికిని కనీసము పదేండ్లే. పదిమందిని నడిపించినవాడును, పది రూపాయలకు మోసినవాడును ఒకే గుమ్మమున నిలిచెదరు. పైకి పెంచుటకు చట్టము ద్వారములు తెరచినది. క్రిందికి దించుటకు కిటికీయైనను లేదు.

లోకమున తక్కిన దేశములును మత్తుతో పోరాడుచున్నవి. ఇంగ్లండునందు శిక్షామండలి 2012లో ప్రకటించి తరువాత సవరించిన సూత్రముల ప్రకారము న్యాయాధిపతి రెండు విషయములు చూడవలెను: సరకు ఎంత, ఈ మనుష్యుని పాత్ర ఏమి. నాయక పాత్రయా, ముఖ్య పాత్రయా, అల్ప పాత్రయా అని తేల్చుకొనిన తరువాతనే శిక్షా కాలమును వెదకును. ఒకరి ఒత్తిడిచేతనో, అమాయకత్వముచేతనో మోసినవాడు అల్ప పాత్రధారిగా పరిగణింపబడును. అమెరికావారు 1986లో తూకమును బట్టి కనీస శిక్షలను విధించి జైళ్లను నింపుకొనిరి. 1994లో వారే ఒక సందును తెరచిరి. పూర్వము చెప్పుకోదగిన నేరము లేక, ఆయుధము పట్టక, ముఠా నాయకుడు గాక, తనకు తెలిసిన నిజమంతయు చెప్పినవానికి కనీస శిక్షకు లోపుగా విధించు అధికారమును న్యాయాధిపతికి ఒసగిరి. 2018లో ఆ సందును మరింత వెడల్పు చేసిరి. ఉరిశిక్షకు పేరుపొందిన సింగపూరు సైతము, కేవలము మోతగాడై అధికారులకు గణనీయముగా తోడ్పడినవానికి ఉరికి మారుగా యావజ్జీవము విధించు వీలును 2013 నుండి కల్పించినది. మన దేశమున శిక్షా నిర్ణయమునకు సూత్రములు చేయవలెనని 2003లోనే మళిమఠ్ సంఘము సలహా యొసగెను. ఆ సలహా కాగితముల మీదనే యున్నది.

శిక్ష ఎంత కఠినమైన నేరములు అంత తగ్గునని కొందరి నమ్మకము. అనుభవ మేమి చెప్పుచున్నది? 1989లో ఈ చట్టమునకు మరణశిక్షను చేర్చి, పెద్ద పరిమాణములతో రెండవమారు నేరము చేసినవానికి దానిని తప్పనిసరి చేసిరి. 2011లో బొంబాయి హైకోర్టు అట్టి నిర్బంధము చెల్లదనెను. 2014లో పార్లమెంటు దానిని న్యాయాధిపతి విచక్షణకు విడిచెను. ఇన్ని కాఠిన్యముల పిదప, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత మన రాష్ట్ర పోలీసువారు ఇంచుమించు రెండు లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట కుప్పబోసి కాల్చవలసి వచ్చెను. పదేండ్లకు జడిసి మన్యమున పంట ఆగలేదు, దారిన బండి ఆగలేదు. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసి, జనులు జడియుటకై ఆయన శిరస్సును కోటపై ఏండ్ల తరబడి వ్రేలాడదీసిరి. ఆ వీరుని త్యాగమునకును ఈ నీచ వ్యాపారమునకును పోలిక లేదు. పోలిక భయమొక్కటే పాలించునను నమ్మకమునందు కలదు. ఆ నమ్మకము నాడును ఫలింపలేదు. శిక్ష ఎంత పెద్దదను దానికంటె, తప్పక పడును, త్వరగా పడును, అసలు దోషికే పడునను నిశ్చయమే నేరగానికి భయము గొల్పును.

త్వర యన్నది ఈ కేసులయందు మరింత ముఖ్యము. వాణిజ్య పరిమాణపు కేసులయందు 37వ సెక్షను ప్రకారము ముద్దాయి నిర్దోషి యని నమ్ముటకు తగిన ఆధారములు కోర్టునకు కనబడిన తప్ప బెయిలు లేదు. అభియోగపత్రమునకే 180 దినముల గడువు. దానిని యేడాది వరకు పొడిగింపవచ్చును. విచారణ ఆ పైమాట. 2023లో మహమ్మద్ ముస్లిం కేసునందు ఏడేండ్లకు పైగా విచారణ ఖైదీగా నున్నవానికి సుప్రీం కోర్టు బెయిలు నిచ్చుచు, అనుచిత విలంబమును ఉపేక్షింపరాదనెను. విచారణకు ముందే శిక్షలో అధికభాగమును అనుభవించినవాడు తుదకు నిర్దోషియైనచో ఆ యేండ్లను తిరిగి యిచ్చువారెవరు?

దీనికి వేరొక ముఖమును కలదు. శిక్ష కఠినమగు కొలది కోర్టులు విధుల ఆచరణను కఠినముగా పరీక్షించును. అది ధర్మము. శరీర పరీక్షకు ముందు గెజిటెడు అధికారి యెదుటనో మేజిస్ట్రేటు ఎదుటనో పరీక్షింపబడు హక్కు కలదని ముద్దాయికి చెప్పవలెనని 1999లో బల్‌దేవ్ సింగు కేసునందు రాజ్యాంగ ధర్మాసనము నిర్ణయించెను. అధికారులకిచ్చిన ఒప్పుదల సాక్ష్యముగా చెల్లదని 2020లో తోఫాన్ సింగు కేసునందు తేల్చెను. దర్యాప్తు అధికారి అశ్రద్ధచే ఒక విధి తప్పినచో నిజమైన దోషియు చేతులు దులుపుకొని పోవును. అప్పుడు జనులు కోర్టులను నిందింతురు. నింద చేరవలసిన చోటు ఠాణా.

అసలు షావుకారు మాట ఏమి? ఈ వ్యాపారమునకు ధనము సమకూర్చిన వానికి 27ఎ సెక్షను క్రింద పది మొదలు ఇరువది యేండ్లు కలదు. పాపార్జితమగు ఆస్తిని జప్తు చేయుటకు చట్టమున ప్రత్యేకాధ్యాయమే కలదు. ఆయుధములు లేకపోలేదు, వానిని పట్టు చేతులు చాలవు. సంచీ దొరకినంతనే కేసు ముగిసినదనుకొను దర్యాప్తు సంచీవానిని మాత్రమే జైలునకు పంపగలదు. డబ్బు ఎవరిచ్చిరి, సరకు ఎవరికి చేరవలసినది, టెలిఫోనున ఎవరు మాటలాడిరి అని వెనుకకు పోవు దర్యాప్తే వేరును త్రవ్వగలదు.

మా పాఠకులలో భూవసతి గలవారు పెక్కురు. వారికొక మాట. ఈ చట్టము కేవలము లారీవారిని గూర్చినదని తలపవలదు. తన భూమియందు గంజాయి మొక్క అక్రమముగా పెరుగుచున్నదని యెరిగియు అధికారులకు తెలుపని పట్టాదారు 46వ సెక్షను క్రింద శిక్షార్హుడు. సర్పంచులకును గ్రామాధికారులకును 47వ సెక్షను ఇట్టి బాధ్యతనే విధించినది. గంజాయి సాగునకు తూకముతో నిమిత్తము లేక పదేండ్ల వరకు శిక్ష కలదు. ఇల్లు, కొట్టము, వాహనము తెలిసి యిచ్చినవానికి 25వ సెక్షను క్రింద ఆ నేరమునకు తగిన శిక్షయే. కౌలునకిచ్చిన చేనిలో కంది సాళ్ల నడుమ ఏమి పెరుగుచున్నదో కన్నెత్తి చూడక, బజారున నిలిచి కఠిన శిక్షలు కోరుట పెద్దరికము కాదు.

పట్టణములందలి తల్లిదండ్రులకును ఒక మాట. వ్యసనమునకు లోబడిన బాలుడు వాడుక నేరమునందో అల్ప పరిమాణపు కేసునందో చిక్కి, తానుగా చికిత్సకు సిద్ధపడినచో 64ఎ సెక్షను వానిని విచారణనుండి కాపాడును. ఈ సంగతి తెలియక పరువునకు జంకి దాచిపెట్టి, బిడ్డను వర్తకుని చేతిలోనే విడుచు గృహములు మనలో లేకపోలేదు. రోగికి వైద్యుడు, వర్తకునికి జైలు: ఈ భేదమును చట్టము ఎరిగినది, మనమును ఎరుగవలెను.

కనీస శిక్షను సడలించినచో దొంగలు రెచ్చిపోదురని ఆక్షేపింపవచ్చును. కనీస శిక్షను ఎత్తివేయుమని మేము కోరుట లేదు. నాయకునికి, పెట్టుబడిదారునికి, బడిపిల్లలకు అమ్మువానికి నేటి శిక్షలే ఉండనిండు. అవసరమైనచో ఇరువదేండ్ల వరకు పోనిండు. మేము కోరునది వేరు. మొదటి నేరము చేసినవాడై, ఆయుధము పట్టక, లాభమున భాగము లేక, మోసిన కూలి మాత్రమే పుచ్చుకొని, తన వెనుకనున్న వారిని గూర్చి నిజము చెప్పినవానికి, కారణములను లిఖితపూర్వకముగా నమోదు చేసి, పదేండ్లకు తక్కువగా విధించు అధికారమును పార్లమెంటు న్యాయాధిపతికి ఇయ్యవలెను. దీనివలన రెండు ప్రయోజనములు. పేదవాని యౌవనము పూర్తిగా బుగ్గి కాకుండుట యొకటి. నేడు నోరు విప్పినను విప్పకున్నను పదేండ్లే గనుక మౌనముగా నుండు మోతగాడు రేపు నోరు విప్పి షావుకారును చూపించుట రెండవది. దయయే ఇచట దర్యాప్తునకు సాధనమగును.

చట్టము మారులోపల చేయదగినవియు కలవు. శిక్షాకాలమును నిర్ణయించుటకు ముద్దాయి పాత్రను ముఖ్యముగా గణించు సూత్రములను ఏర్పరుపవలెను. తూకము, నమూనా మేజిస్ట్రేటు ఎదుట జరుగవలెను. పూతను ఆకునుండి వేరుచేసి తూచవలెను. ఈ కేసుల విచారణకు వాయిదాలు కుదించి, పరీక్షాశాలల నివేదికలను త్వరపెట్టవలెను. నిర్బంధమునందున్న ప్రతివానికిని 1987 నాటి న్యాయ సేవల చట్టము ఉచిత న్యాయ సహాయమును హక్కుగా ఒసగినది. నంద్యాల, ఆళ్లగడ్డ న్యాయవాదులు ఆ హక్కును కాగితమునుండి కటకటాల వెనుకకు చేర్పవలెను.

త్రాసు న్యాయదేవత చేతిలోనిదే. కాని ఆమె తూచవలసినది దోషమును, గోతమును గాదు. మోసినవానిని, మోయించినవానిని వేరు వేరుగా చూడగల కన్నులను న్యాయాధిపతికి తిరిగి యిచ్చుట పార్లమెంటు వంతు. అట్లు చేయుమని కర్నూలు సీమనుండి పార్లమెంటునకు పోయిన ప్రతినిధులను నిలదీసి యడుగుట మన వంతు.